ముప్పై ఏడు తర్వాత

యజ్ద్ పట్నంలో మా జూర్ఖానాకి,
అంటే బలం ఉండే ఇంటికి,
తలుపు నడుమెత్తే.
ఎంతటి వస్తాదైనా వంగి రావాల్సిందే.
వంగనివాడికి నుదుటి మీద బొప్పి.
నాకు మొదటివారంలోనే రెండు.

లోపల ఎనిమిది మూలల గోదా.
పైన అరుగు మీద, డోలు వెనక, బెమానలీ.
ముందు పుట్టిన నలుగురూ దక్కక
అయిదోవాడికి వాళ్లమ్మ పెట్టుకున్న పేరది:
ఉండిపోరా, అని.
ఉన్నాడు. ఎనభై ఒక్కేళ్లుగా ఉన్నాడు.
చలికాలం డోలు తోలు బిగియడానికి
కుంపటి మీద తిప్పి తిప్పి కాస్తాడు,
నేను రొట్టె కాల్చినంత జాగ్రత్తగా.

నాది రొట్టెల బట్టీ.
తెల్లారకముందే నాలుగు బస్తాల పిండి పిసికి
ఇక్కడికొచ్చి మళ్లీ భుజాలు నొప్పి చేసుకుంటానంటే
మాహ్‌రుఖ్ నవ్వింది.
"పిండి పిసకడం కసరత్తు కాదా?
మరి నేను తివాచీలు ఉతికితే?"
కాదనలేకపోయాను.
కాకపోతే పిండినెవరూ లెక్కపెట్టరు.
డోలు కొట్టి, గొంతెత్తి,
ఒకటి, రెండు, అని
నా ఒంటిని ఒకరు లెక్కపెట్టడం
నలభై దాటాక ఇక్కడే విన్నాను.

పలక మీద దండీలుంటాయి.
కర్లాకట్టలుంటాయి, భుజం చుట్టి వచ్చి
చెవి పక్కన గాలిని కోసిపోయేవి.
గిరికీల్లో మేస్త్రీ కొడుకు సియావష్ బొంగరం,
నేను గాలివానలో గొడుగుని.
గొలుసులు గలగలలాడే ఇనుప విల్లు
ఇంకా నా చేతికి ఇవ్వలేదు.
వీటన్నిటికీ ముందు రాళ్లు.
నిజానికి చెక్కలే, తలుపురెక్కల్లాంటి రెండు పలకలు.
మోసినవాడెవడూ ఆ పేరు తప్పనలేదు.

ఆ శుక్రవారం నా వంతు.
వెల్లకిలా పడుకుని, చేతికొకటి,
ఎడమకి ఒరిగి కుడిది, కుడికి ఒరిగి ఎడమది.
గుమ్మటం కన్నంలో రొట్టెముక్కంత ఆకాశం.
ముప్పై అయిదు. ముప్పై ఆరు. ముప్పై ఏడు.
డోలు మీద వేళ్లు ఒక్క క్షణం తడుముకున్నాయి.
ముప్పై నాలుగు, అన్నాడు బెమానలీ.

యాభైకి దించాలి, అది పద్ధతి.
ముప్పై ఏడు మళ్లీ వచ్చింది.
మళ్లీ ముప్పై నాలుగు.
మోచెయ్యి వణికి పలక గచ్చుకి తగిలింది.
సియావష్ నోరు తెరవబోయాడు.
ముసలి కంచరి ఖొదాదాద్
వాడి మణికట్టు పట్టుకున్నాడు, అంతే.
తను నా పక్కన వెల్లకిలా పడుకుని
ఇంకో జత రాళ్లు అందుకున్నాడు.
ముప్పై అయిదు, అన్నాడు పైనుంచి.
ఇద్దరం లేపాం.

ఆ నాలుగు మెట్లూ ఎన్నిసార్లు ఎక్కి దిగామో.
చెమట చెవుల్లోకి కారింది.
అంకె దారి తప్పింది గానీ
బరువు ఒక్కసారీ తప్పలేదు.
బయట ఎవరి సైకిలు గంటో మోగింది, అందుకో,
దేనికో తెలీదు,
ముప్పై ఎనిమిది, అన్నాడు మామూలుగా,
పోయిందేమీ లేనట్టు.

యాభైకి డోలుని అరచేత్తో చరిచి
"యాభైకే ఇంత ఆయాసమా?
కాల్చిన రొట్టెలన్నీ నువ్వే తింటున్నావా?"
అందరూ నవ్వారు.
నేనూ నవ్వాను,
పక్కటెముకలు ఒప్పుకున్నంత మేరకు.
ఖొదాదాద్ మాత్రం తువ్వాలుతో
చాలాసేపు మొహం తుడుచుకున్నాడు.

మర్నాడు పిండితొట్టి దగ్గర చేతులు లేవలేదు.
మాహ్‌రుఖ్ వచ్చి నన్ను పక్కకి నెట్టి
తనే పిడికిళ్లు దించింది.
"నిన్న ఎన్ని చేశావేంటి?"
యాభై, అన్నాను.
నమ్మలేదు. అడగనూ లేదు.

ఊరికే నిలబడలేక మొదలుపెట్టాను,
ఆవిడ పిడికిలి పడ్డప్పుడల్లా, పైకే,
ఒకటి. రెండు. మూడు.
పదమూడు దగ్గర ఆగి,
పిండంటిన వేలితో బట్టీ వైపు చూపించింది.
మాడుతోంది.