కుట్టు లేని అంగి

ఖలీల్ భాయికి దుకాణమొప్పజెప్పి
తమ్ముని కొడుకు భువన్ను తోలుకొని
కొత్తకోటల బస్సెక్కి వనపర్తిల మ్యాట్నీకి పోయిన.
ఎగిరే మనిషి సినిమా అంట.
పోరడు వాని మొకం దిక్కు సూస్తుండు,
నేను వాని అంగి దిక్కు సూస్తున్న.
ఇరవై రెండేండ్ల కత్తెర అలవాటు, యాడికి పోతది.

ముందుగాల ఒప్పుకోవాలె: నవ్విన.
మొదటిసారి ఎగురబోయి
బట్టలారేసే తీగెకు తట్టుకొని
ఎవరిదో పూల లంగా నెత్తికి సుట్టుకొని దిగుతడు సూడు,
ఒళ్లో పల్లీల పొట్లం కిందవడ్డది.
వాని తల్లి ఇంక మంచిగున్నది.
కొడుకు ఊరిని కాపాడొచ్చి గుమ్మంల నిలవడితే
"పాల పాకిట్ తెమ్మన్న గదరా, యాడున్నది?" అంటది.
అంతే.
మా వరుసల తల్లులు ఆ మాట
ఆమెకన్న ముందే అనేసిన్రు.

ఇగ దొంగ.
నల్లకోటు, నల్ల చేతొడుగులు, ఉత్త నవ్వు.
లోకమంత కావాలంటడు. ఏం జేస్కుంటడో సెప్పడు.
మా బజార్ల వారంవడ్డీ చెన్నప్ప నయం,
వంద కావాలంటడు, శనివారం కావాలంటడు.
వాన్ని సూస్తే నిజంగ కడుపుల దడ.
ఇంటర్వెల్ ఇడిసినంక మేడలు కూలుతనే ఉన్నయి,
గాజు పెంకులు వడగండ్లోలె పడ్తనే ఉన్నయి,
ఊడ్చెటామె ఒక్కతి రాలే తెరమీదికి.
గంత సప్పుడుల
భువన్ నా భుజం మీద నిద్రవోయిండు.

కానీ అంతకు ముందు ఒక ముక్క ఉన్నది.
కొట్లాటల అంగి భుజం కాడ పిగిలింది.
అర్ధరాత్రి, వంటింట్ల, చిన్న బుగ్గ కింద
సూదిల దారమెక్కిస్తడు.
ఎక్కదు.
కొస నోట్లె తడిపి, ఒక కన్ను మూసి
మళ్ల.
మళ్ల.
పాట లేదు, మాట లేదు.
తూటా దిగని వేలుకు సూది గుచ్చుకొని
"అమ్మా" అంటడు.
నా చెయ్యి నాకు తెల్వకనే ముందుకు వోయింది,
ఇటియ్యి బిడ్డా నేనెక్కిస్త, అన్నట్టు.
వంకర కుట్లు ఏసిండు, ఆఖర్ల ముడేయ మర్సిండు.
నేను మురిసిన.
ముడి లేదు గదా, పెద్ద కొట్లాటల ఊడ్తది,
గప్పుడుంటది సూడు, అని
కుర్సీ అంచుకొచ్చి కూసున్న.

ఊడలే.
ఏదో పెట్టెలకెళ్లి కొత్తంగి వచ్చింది,
ధగధగ,
కాజా లేదు, గుండీ లేదు, జేబు లేదు,
కొలత తీసినోడు లేడు,
దానంతటదే ఒంటికి అతుక్కున్నది.
జనం ఈలలేసిన్రు.
ఆ పాతంగి ఏమాయెనో ఎవ్వరు అడుగలే.

"ఎట్లున్నది సినిమా?" అన్నడు ఖలీల్ భాయి
మిషిన్ ఆపకుండ.
చేతులు మంచిగ కుదిరినయి భాయ్,
మెడ కాడ ఆగమైంది, అన్న.
సమజైందో లేదో, తలకాయ ఊపిండు.

ఆ రాత్రి మిగిలిన ఎర్ర లైనింగ్ గుడ్డతోని
భువన్‌కు రెక్క కుట్టిన.
ఎడమ భుజం కాడ ఒక్క తాన
కావాలనే ముడెయ్యలే.
తెల్లారి అరుగు మీదికెళ్లి నాలుగుసార్లు దునికి
ఊడిన భుజం పట్టుకొని ఉరికొచ్చిండు.
సూది చేతికిచ్చిన.
ఒక కన్ను మూసి కూసున్నడు.
ఇంక ఎక్కలే.