చిరునామా గడి

తొమ్మిదిన్నరకి తాళం తీస్తాను.
తొమ్మిదికే మెట్ల మీద వాళ్ళుంటారు.
విశాఖ పాసింజరు దాటిపోయాక
రైల్వే పోలీసు లాఠీతో ప్లాట్‌ఫారం దులిపితే
రాలినవాళ్ళు.
రాయగడ చలికి మొహమాటం లేదు.
నాగావళి మీంచి లేచొచ్చి
మెట్ల మీద వాళ్ళ సరసనే కూచుంటుంది.

అందరికంటే ముందు సాసుబిల్లి దాలయ్య.
సంచీలో ఓ దుప్పటి, ఓ సత్తుగిన్నె,
ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన మిల్లు గేటు పాసు.
ఫోటోలో మొహం ఎప్పుడో తెల్లబడిపోయింది.
పందొమ్మిదేళ్ళు వెదురు మోపులు దించాడట,
ఏ రిజిస్టరులోనూ ఎక్కకుండా.

పేపరిస్తే వెంటనే చదవడు.
అంచుని బొటనవేలితో రాసి చూస్తాడు.
"ఇది ఎదురు కాదమ్మా, నీలగిరి."
ఆ తర్వాతే వార్తలు.

గోడ మీద బోర్డు:
ఇక్కడ నిద్రించరాదు.
ఒడియాలో, తెలుగులో, ఇంగ్లీషులో.
ఈ ఊళ్ళో ఇన్ని భాషలు ఒక్క మాట మీద నిలబడ్డం
నేనింకెక్కడా చూళ్ళేదు.

పదకొండయ్యేసరికి ఆయన తల వాలుతుంది.
"దాలయ్యా" అంటాను.
"తొంగోనేదమ్మా,
కళ్ళు మూసుకుని సదూతన్నాను."

కడ్రకా సింగారిది ఆ మూల బల్ల.
ఆవిడ కువీ నాకు రాదు, నా తెలుగు ఆవిడకి సగం.
అట్లాసు తెరిచి నీలం రంగు మీద అరచెయ్యి ఆనిస్తుంది.
వాళ్ళ ఊరు రిజర్వాయరు కింద ఉందని
ఎవరో చెబితే తెలిసింది.
ఆ పుస్తకంలో ఊరు లేదు.
నీలం మాత్రం ఉంది.

మా బిసోయి బాబు చెడ్డవాడు కాదు,
నియమం ఉన్నవాడు.
ఫిర్యాదుల పుస్తకం నా ముందు పెట్టాడు.
పోటీ పరీక్షల కుర్రాళ్ళు ఒక్క మాటే రాశారు: వాసన.
అబద్ధమాడను, నాకూ వచ్చింది ఆ వాసన.
తడి దుప్పటి, బీడీ, ఎన్నాళ్ళదో చెమట.
ఆ సాయంత్రం వెనక స్నానాల గది తెరిపించి
తాళంచెవికి ఎర్ర తాడు కట్టి
కౌంటరు పక్క మేకుకి తగిలించాను.
నెలాఖరు లెక్కల్లో సబ్బులకి పద్దు లేదు.
"జిగురు, ఆరు సీసాలు" అని రాశాను.

ఓ రోజు దాలయ్య పుస్తకం అడిగాడు,
పట్టుకెళ్ళడానికి.
"రేత్రి సదూకుంటాను.
రెండో నెంబర్లో లైటు ఆర్పరు గదా."
ఫారం తీశాను. పేరు. తండ్రి పేరు.
చిరునామా దగ్గర నా కలం ఆగింది,
ఆయన ఆగలేదు.
"రాసుకో తల్లీ. రెండో నెంబరు, కొళాయి పక్క,
మూడో సిమెంటు బల్ల."

రాశాను. బిసోయి బాబు కొట్టేశాడు.
"పుస్తకం తిరిగి రాకపోతే
నోటీసు ఎక్కడికి పంపుతావు?"

ఇంటికెళ్ళి అన్నం కలుపుతూ కూడా అదే ఆలోచన.
మనిషి ఎక్కడుంటాడని మేం అడిగేది
నోటీసు పంపడానికా!
తెల్లారి ఇంకో ఫారం తీసి ఆ గడిలో రాశాను:
కేరాఫ్ గ్రంథాలయం, స్టేషన్ రోడ్డు.
"నోటీసు మనకే వస్తుంది బాబూ,
మనమే ఆయన చేతికిద్దాం."
ఆయనేమీ అనలేదు.
ఇంకు ఎండిపోయిందని గొణిగి
స్టాంపు రెండుసార్లు కొట్టాడు.

మోటారు పంపుల రిపేరు మీద అట్టలేని పుస్తకం అది.
అది ఎందుకని అడగలేదు.
పన్నెండో రోజు రాత్రి
ప్లాట్‌ఫారం రేకులు ఎగిరేంత వాన.
పొద్దున్న మెట్ల మీద మనిషి ముద్దగా తడిసి ఉన్నాడు.
పుస్తకం పొడిగా ఉంది,
గేటు పాసు ప్లాస్టిక్ కాగితంలో.
పాసు జేబులో నాని గుజ్జైపోయింది.
"పోనీ అమ్మా,
కాయితం గుజ్జులోంచే గదా వచ్చింది."

ఆ రోజు పదకొండింటికి తల వాలింది.
నేను పిలవలేదు.
కొత్త క్యాలెండరు తెచ్చి బోర్డు మీద,
సరిగ్గా తెలుగు వరస కప్పేలా వేలాడదీశాను.
మిగతా రెండు భాషలూ
ఆయనకి రావు.