ఆఫ్ ప్లేటు

గుణుపురం రైలు ఇప్పుడు పెద్దది.
మేం బస్తాలెత్తిన రోజుల్లో
పట్టాల పక్క మేకతో పందెం వేసి ఓడిపోయేది.

స్టేషన్ రోడ్డులో గౌరంగో హోటలుంది.
పేరు మారింది, మెరిసే ఒడియా అక్షరాల్లో.
కూడబలుక్కుని చదివాను.
నాకు ఒడియా నేర్పింది ఈ గోడే:
బరా, ఘుగునీ, ఉధార్ నాహి.

బొగ్గుల పొయ్యి లేదు.
మా మూల బెంచీ చోట
ఫ్రిజ్జు నిలబడి గురక పెడుతోంది.

తవిటయ్యకీ నాకూ కలిపి ఒక ఆఫ్ ప్లేటు.
జట్టు కూలి అందిన శనివారమైతే
పైన ఉల్లిపాయ, వాడి వైపే ఎక్కువ.
"పెళ్లాం లేనోడివి, నీకెందుకురా ఉల్లిపాయ?"
"ఉన్నోడివి, నీకసలొద్దు."

గల్లా మీద కుర్రాడు గౌరంగో మనవడట.
తెలుగొచ్చు, సినిమాల తెలుగు.
"ఆఫ్ లేదు సార్, ఫుల్లే."

ఫుల్లే తెచ్చాడు.
నిజం చెప్పాలి, అప్పటికన్నా బాగుంది.
బఠాణీ వెన్నలా ఉడికింది,
అడుగంటిన వాసన లేదు.
అదే నచ్చలేదు.

తవిటయ్య తెలుసా అని అడగబోయి
ఏ తవిటయ్య అంటాడని
నీళ్లు తాగేశాను.

సరిగ్గా సగంలో చెయ్యి ఆగింది.
ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత కూడా
గీత ఎక్కడుందో దానికి తెలుసు.
"పార్సెల్ కట్టమంటారా సార్?"

రైల్లో కాసేపు ఒళ్లో వెచ్చగా ఉంది.
పర్లాకిమిడి వచ్చేసరికి చల్లారింది.
పారెయ్యలేక విప్పి తిన్నాను,
ఉల్లిపాయలు మాత్రం
ఓ పక్కకి తీసి ఉంచి.