తరుగుదల

కుక్కలెన్ని, అని అడిగింది కాగితం.
పదకొండో గడి.
పన్నెండోది: ఎవరినైనా కరిచాయా, కరిస్తే ఎన్నిసార్లు.
గోడ మందమెంత, కప్పు రేకా స్లాబా,
సముద్రం ఎంత దూరం
అని అడిగినన్నాళ్లూ నేను తడుముకోలేదు.

సనపల లోకనాథం గారు పెన్ను మూత పళ్లతో లాగి
దాన్నలాగే నములుతూ
"ఒకటని రాసీండి మేడమ్,
ఎవులొచ్చి లెక్కెడతారు?" అన్నారు.
ఆయన చెప్పు మీద గడ్డం ఆనించి నిద్రపోతోంది
ఆ ఒకటిలోకి రాని రెండోది.

జ్ఞానాపురంలో ఇల్లు.
పోర్టు బొగ్గు రాత్రంతా గాల్లో నడిచొచ్చి
తెల్లారేసరికి కిటికీ గట్టున కూర్చునుంటుంది.
ఇక్కడ తెల్లకుక్క మధ్యాహ్నానికి బూడిద రంగు,
సాయంత్రానికి వేరే కుక్క.
లెక్క తప్పితే నా తప్పేనా?

పెద్దది గంగాళం.
హుద్‌హుద్ మర్నాడు, కప్పు లేని వంటగదిలో
బోర్లాపడ్డ గంగాళం ఎత్తితే
కింద తడిసిన పిడికెడు ప్రాణం.
గంగాళం మాది కాదు. ఎవరిదో ఇప్పటికీ తెలీదు.
రెండోది కాటా. ఫిషింగ్ హార్బర్లో
నేను చీటీలు రాసే తూకం బల్ల మీదెక్కి
దిగనంది. పదకొండు కిలోల రెండొందలు.
మూడోది చిల్లర.
నాలుగోది రాత్రి పదింటికొచ్చి
పాలవాడి కంటే ముందే వెళ్లిపోతుంది.
పేరు పెట్టనివ్వలేదు.

కరిచింది కాటాయే.
వాటర్ టిన్ను కుర్రాడు అప్పలకొండ, ఎడమ పిక్క.
ప్రతి సూదికీ ఆటోలో నేనే తీసుకెళ్లాను కేజీహెచ్‌కి.
మూడో సూది నాడు వాడే అడిగాడు,
"దానికేటి కాలేదు కదండీ?"
ఇది రాయడానికి పన్నెండో గడిలో చోటు లేదు.
"ఒకసారి" అని రాశాను.
పదకొండులో నాలుగు వేశాను.

లోకనాథం గారు కాలిక్యులేటర్ తీశారు.
నాకు పాత లెక్కొకటి గుర్తొచ్చింది.
ఎగిరిపోయిన రేకుల ఖరీదులో ఆనాడు
తొమ్మిదేళ్ల తరుగుదల కోసి మిగిలింది ఇచ్చారు.
పాతవైతే మాత్రం అవి వాన తక్కువ ఆపేవా
అని అడిగితే, రూలు మేడమ్, అన్నారు.

"అయితే గంగాళానికీ కొయ్యండి.
పదేళ్లు దాటింది. మిగిలినవి మూడు పళ్లు.
అందులో ఒకటి ఊగుతోంది.
అన్నం మెత్తగా పిసికి పెడితేనే తింటుంది.
దాని కాటులో ఏటేటా ఎంత తరిగిందో
మీ పట్టిక చూసి చెప్పండి."

ఆయన నవ్వలేదు. అందుకు ఆయనంటే గౌరవం.
దొండపర్తి ఆఫీసుకి ఫోన్ చేసి
చాలాసేపు "ఆఁ... ఆఁ..." అని, పెట్టేసి,
"ఆస్తికే తరుగుదల మేడమ్.
ముప్పుకి ఉండదు," అన్నారు.

అదీ సంగతి.
ఫ్రిజ్ ఆస్తి, టీవీ ఆస్తి,
నేను కూర్చోని సోఫా కూడా ఆస్తి.
గంగాళం ముప్పు.
కళ్లల్లో పొర కమ్మి, గుమ్మం బదులు
గోడలోంచి బయటికెళ్లాలని చూసే ముప్పు.
ఓడ కూత వేస్తే
దొంగొచ్చాడనుకుని లేవబోయి
మధ్యలో మరిచిపోయి కూర్చుండిపోయే ముప్పు.
ఏడాదికి పదకొండొందలు ఎక్కువ.
ఓ బుట్ట కానాగంతల ధర.
కట్టేశాను.
దాని పళ్లకి ఈ ఊళ్లో
ఇంకా భయపడేది ఆ కంపెనీ ఒక్కటే.
ఆ మర్యాదకి ఆ మాత్రం ఇవ్వొచ్చు.

లోకనాథం గారు వెళ్లాక
గేటు దగ్గర వాన మొదలైంది, ఆగిపోయింది.
నాలుగోది పదింటికి రాలేదు.
పదిన్నరకొచ్చింది.

పొద్దున ఊడుస్తుంటే
మంచం కింద పెన్ను మూత దొరికింది.
ఒళ్లంతా గాట్లు.
చిల్లర తోక రెండు కాళ్ల మధ్యకి పోయింది.
దీపం కింద పెట్టి ఎంతసేపు చూసినా
ఏ గాటు చిల్లరదో
ఏ గాటు లోకనాథం గారిదో
పోల్చుకోలేకపోయాను.