ఏ పొరలోది?

ఇస్సుమూర్ కొండ పక్కటెముకల్లో
మా నాన్న జాయిద్ తవ్విన కందకం
మనిషి లోతు, రెండు మూరల వెడల్పు.
పొడుగు మాత్రం ఎవరూ కొలవలేదు.
ఒకే ఒక్క పొరని పట్టుకుని పోతుందది,
కంబళి అంచు వెంట వేలు పోయినట్టు.

అడుగున నల్లరాయి.
అందులో తిన్నగా, బల్లేల్లాంటి గుల్లలు.
దాని మీద జానెడు మట్టిరాయి, ఏమీ ఉండదు.
దాని మీద బూడిదరంగు సున్నపురాయిలో
మూడు పాయల వీపు ట్రైలోబైట్లు,
ఎప్పుడో దేనికో జడిసి
ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే.
ఇంకా పైన, మేకలు మాత్రమే ఎక్కే చోట,
చుట్ట తిరిగిన గోనియటైట్లు.

ముందు పరిచింది కింద, తర్వాత పరిచింది పైన.
రాత్రిళ్ళు మాకు పక్కలు వేసే అమ్మకి
ఈ సూత్రం ఎవరూ నేర్పలేదు.

"ఎన్నేళ్ళవి ఇవి?" అంటాడు కారు దిగినవాడు.
నాన్న అంకె చెప్పడు.
రెండు రాళ్ళు రెండు చేతుల్లోకి తీసుకుని
"ఇది అక్క, ఇది చెల్లెలు" అంటాడు.
ఎంత అక్కో తెలీదు.
అక్క అన్నది మాత్రం ఖాయం.

మా నానమ్మ ఇత్తో వయసూ అంతే.
గుర్తింపు కార్డు మీద జనవరి ఒకటి అని ఉంటుంది.
పుట్టినరోజు తెలియనివాళ్ళంతా
మా ఊళ్ళో ఒకే రోజున పుట్టారు.
ఏ సంవత్సరం అని గుమాస్తా అడిగితే
"మిడతలొచ్చిన ఏడాది తర్వాత,
పాత బావి ఎండకముందు" అందట.
మరి నీ తోడబుట్టినవాడో?
"మిడతల్ని వాడు కళ్ళారా చూశాడు.
నాకు కథ చెప్పిందే వాడు."
గుమాస్తా తల ఊపి, టీ తాగి,
అన్నని రెండేళ్ళు చిన్నవాణ్ణి చేసి ముద్ర కొట్టాడు.
బతికున్నన్నాళ్ళూ ఆ రెండు కార్డులూ పక్కపక్కన పెట్టుకుని
నానమ్మ నవ్వేది.
"కాగితం తిరగబడింది."

తిరగబడటం కొండకీ ఉంది.
పడమటి వాగు మలుపులో ఒకచోట
అది నిద్రలో ఒత్తిగిల్లినట్టుంటుంది.
అక్కడ చుట్టలు కింద, బల్లేలు పైన.
ఆ రోజు నేను గెంతులేశాను,
నాన్న లెక్క తప్పిందని.
ఆయన మాట్లాడకుండా ఒక పలక ఎత్తి
దాని అడుగు తడిమించాడు.
గరుగ్గా, వరసలు వరసలుగా అలల గుర్తులు.
"అల కొస ఆకాశం వైపుండాలి.
ఇవి ఎటు చూస్తున్నాయి?"
నేలకేసి.
సముద్రం తలకిందులుగా పడుకుని ఉంది
నా అరచేతి మీద.

ఇప్పుడు నాన్నకి చూపు ఆనదు.
సూదితో రాయి గీకే పని నాది.
కన్ను తేలాలంటే రెండ్రోజులు,
వీపు ముల్లు విరగకుండా రావాలంటే వారం.
శుక్రవారం ఎర్ఫూద్ వ్యాపారి వస్తాడు,
అన్నీ ఒకే బుట్టలో పోస్తాడు, ఉల్లిపాయల్లాగా.
నల్లరాయిది, బూడిదరాయిది, మేకల గట్టుది,
బుట్టలో అన్నీ కవలలే.
పొర నుంచి ఊడొచ్చిన ప్రాణి
ఎంత మెరిసినా ఏం లాభం,
దానికి ముందూ లేదు, వెనకా లేదు.

అందుకని ఒక్కోదాని పొట్ట కింద
బొగ్గుతో గీతలు పెడతాను.
ఒకటి. రెండు. మూడు.
కొన్నవాళ్ళు కడిగేస్తారని తెలుసు.
మూడో గీత కాస్త వంకర వస్తుంది, చలికాలం వేళ్ళకి.

నానమ్మని కొండ దిగువన పూడ్చాం.
తల దగ్గర ఒకటి, కాళ్ళ దగ్గర ఒకటి, ఉత్త రాళ్ళు.
మా వాళ్ళు పేరు చెక్కరు.
మొన్న నా కూతురు ఇజ్జా అడిగింది,
ముత్తవ్వ ఎప్పుడు పోయిందమ్మా అని.
కార్డు కోసం పెట్టె తెరవబోయి ఆగాను.

బావి ఎండాక.
వాగు పొంగకముందు.
నీకంటే
ఒక్క పొర కింద.