కోటరీ

గుత్తిలో ఎక్కడ నిలబడి తల ఎత్తినా
కోట కనిపిస్తుంది.
అందుకే చాన్నాళ్ళు అనుకున్నాను,
కోటలోంచే దిగొచ్చి ఉంటుంది కోటరీ అని.
గోడలున్న మాట, బురుజులున్న మాట.
లోపలివాళ్ళకి నీళ్ళు, బయటివాళ్ళకి ఎండ,
తాళాల గుత్తి ఎవరి మొలకుంటే వాళ్ళదే ఊరు.

వారానికి రెండుసార్లైనా రాస్తాను ఆ మాట.
చైర్మన్ చుట్టూ కోటరీ, ఇసుక కోటరీ,
మార్కెట్ యార్డులో కోటరీదే రాజ్యం.
ఆరంగుళాల వార్త. ఫొటో ఉంటే ఎనిమిది.

మొన్న మాబున్ని బొరుగుల గంప దించి
నా పేపర్లో ఆ మాట మీదే వేలు పెట్టింది.
ఐదో తరగతి చదువు, అక్షరాలింకా మరవలేదు.
"ఏంది సా ఇది, కో... ట... రీ?
కోటా బియ్యం లాంటిదా? కొత్తగా ఏమన్నా ఇస్తాండారా?
మా పేరు ఎక్కియ్యాలంటే ఎవర్ని అడగాల?"

నలుగురం నవ్వాము.
మా నవ్వు ఆగేదాకా ఆమె నిలబడింది,
లేటైన బస్సు కోసం నిలబడినట్టు.

ఆ రాత్రి కరెంటు పోయి వచ్చాక
రైల్వే స్కూల్లో రిటైరైన జకరయ్య సారింట్లో
వీపు ఊడిన నిఘంటువు తెరిచాను.
కోట లేదు అందులో.
ఎక్కడో ఫ్రాన్సు దేశంలో, ఎవరో దొర భూమిలో
కలిసి కౌలు కట్టుకుని బతికిన బీదరైతులు,
వాళ్ళుండే గుడిసె మీదుగా
వాళ్ళ జట్టుకి వచ్చిన పేరట.
సారు కళ్ళద్దాలు నుదుటికెత్తినాడు.
"కోట కాదబ్బాయ్, కొట్టం!
చుట్టరికమేం లేదులే, చెవి చేసే తమాషా.
అయినా ఎంత దగ్గరగా మోగుతాదో చూడు."

కొట్టం.
మాబున్నిది రైలుకట్ట కింద కొట్టం.
బోద కప్పు, దాని మీద చిరిగిన ఫ్లెక్సీ,
ఫ్లెక్సీలో సగం చైర్మన్, నమస్కారం పెడుతూ.
వాన పడితే ఆయన చేతుల మీదుగానే
లోపలికి కారుతుంది.
పట్టా కోసం తొమ్మిదేళ్ళుగా తిరుగుతోంది ఆమె.

పొద్దున చెప్పాను.
బొరుగులు కొలుస్తూనే వినింది.
"అయితే మా అట్లాటోళ్ళ మాటే అది."
"మీదే."
"మరి మమ్మల్నెప్పుడు బయటికి తోసినారు?"

నిఘంటువులో ఆ సంగతి లేదు.
కొట్టానికీ బంగళాకీ నడుమ
ఆ మాట ఏ దారిన నడిచిందో, ఎవరి కారెక్కిందో,
కాలక్రమాన అని ఒక్క ముక్క రాసి వదిలేశారు.

గంప నెత్తికెత్తుకుంటూ ఆమే అనింది:
"మొదట చలికి అందరూ ముడుచుకోని కూచునింటారు సా,
ఒకరికొకరు ఆనుకోని. తలుపేసుకోని.
చలి పోయినాంక
లేసి తీసినోడు లేడు."

అప్పుడు చూసుకున్నాను
మేం కూర్చున్న బల్లని.
టీ అంగడి ముందు నలుగురికి సరిపోయే బల్ల,
నలుగురు విలేకరులం.
ఏ వార్త వెయ్యాలో, ఏది మింగాలో,
వచ్చిన కవరు ఎన్ని భాగాలో,
అన్నీ తేలేది దీని మీదే.
పదకొండేళ్ళలో ఐదోవాడు కూర్చున్న గుర్తు లేదు.
మాబున్ని ఇక్కడే తాగుతుంది టీ, రోజూ,
నిలబడి.

కూచో అనడానికి పెద్ద మాటలేం అక్కర్లేదు.
జానెడు జరిగితే చాలు.

మద్దిలేటి మోకాలు
నా మోకాలికి ఆనుకుని ఉంది,
వెచ్చగా.