చెవితో కొన్న చెక్క

ఓతీలియా వచ్చేది మంగళవారాలు,
వహాకా అంగట్లో జనం పలచబడ్డాక.
ఒక జ్వరం ఆమె ముక్కులోంచి లోకాన్నంతా ఊడ్చుకుపోయి
అప్పటికి నాలుగేళ్ళు.
కమలాతొక్క ఒకటే, కాలిన గుడ్డ ఒకటే.
అయినా ఆ పేటలో సగం పెళ్ళిళ్ళకి
చాక్లెట్ నూరేది ఆవిడే.

నాకు పదిహేడు. దుకాణం పిన్నిది.
దాల్చిన బుట్టలకి ఇటు నేను,
అటు పొట్టి స్టూలు మీద ఆమె.
ఒక చుట్ట తీసి చెవి దగ్గర పెట్టుకుని విరిచేది.
మంచిదైతే ఎండుటాకులా పొరపొరగా చిట్లేది,
సిలోన్ నుంచి సముద్రాలు దాటొచ్చిన పల్చటి చెక్క,
చుట్టలో చుట్ట, దాంట్లో ఇంకో చుట్ట.
మొండిదైతే ఠక్కుమనేది,
ఒకటే మందపు పొర, కుర్చీ కోడు విరిగినట్టు.
"ఇది పొయ్యిలోకి," అని పక్కన పడేసేది.

తర్వాత నా వంతు.
"వాసన చెప్పు."
"బావుందండీ," అన్నాను మొదటిసారి.
"బావుండటం వాసన కాదే పిల్లా."

వానకి తడిసి ఆరుతున్న కర్రగేటు, అన్నాను.
పాలు పొంగబోయే ముందు గిన్నె అంచు, అన్నాను.
మా తాత చొక్కా జేబు, అన్నాను,
పొగాకు కొనడానికి డబ్బుల్లేని రోజుది.
నవ్వింది. చాలాసేపు నవ్వింది.
"ఆ జేబు పావుకిలో కట్టు."

తేనె దగ్గర నా మాట చెల్లదు.
కొండ దిగొచ్చిన క్రిసోఫోరోనే నిలదీసేది:
ఏ పూత? కాఫీదా? పట్టు ఎప్పుడు కోశావు? పొగ ఎంత పెట్టావు?
అతను నీళ్ళగ్లాసులో చుక్క వేసి చూపించబోతే
"ఆ గారడీ పర్యాటకులకి చూపించు,
బెల్లప్పాకం కూడా అలాగే మునుగుతుంది."
నాలిక్కి తీపీ పులుపూ ఇంకా మిగిలున్నాయి.
చివర్న చిరుపులుపు తగిలితేనే సీసా మూత బిగించేది.

డిసెంబరులో ధర రెట్టింపయింది.
పిన్ని బుట్ట అడుగున మొండి చెక్క నింపి
పైన నాలుగు వరసలు పల్చది పరిచింది.
పైది విరిచి వినిపించాను. అడుగుది తూచాను.
వాసన అడిగితే పాత మాటే అప్పజెప్పాను:
తడిసి ఆరుతున్న కర్రగేటు.

మరుసటి మంగళవారం ఫ్లాస్కుతో వచ్చింది.
"తాగు."
కొకో నోరు తెరవకముందే దాల్చిన కేకలు వేస్తోంది.
బాదం జాడ లేదు. వెనిల్లా ఎక్కడో తలుపు వెనకాల.
తేనె పాపం, సర్దిచెప్పబోయి ఊరుకున్నట్టుంది.
"సన్నికంటి మీద పెట్టగానే తెలిసింది," అంది,
"గులకరాళ్ళు నూరినట్టు చప్పుడు."
"మరెందుకు నూరారు?"
"నువ్వు కర్రగేటన్నావు కదా.
నా చెవిని కాదని నీ ముక్కుని నమ్మాను."

పిన్నితో ఏం మాట్లాడానో ఇక్కడ అనవసరం.
ఆదివారం ఓతీలియా పెరట్లో మోకాళ్ళ మీద ఉన్నాను.
రాయి కింద బొగ్గుల వెచ్చదనం,
వేయించి పొట్టు తీసిన కొకో నూనె వదులుతోంది.
గుప్పెడు బాదం. చీల్చిన వెనిల్లా కాయ సగం.
గింజ తీసిన ఎండుమిరప ఒకటి, పేరుకి.
దాల్చిన ఆఖర్న, రెండు వేళ్ళ పొడుగు, అంతే.
తేనె చెయ్యి చాచబోతే వేళ్ళ మీద కొట్టింది:
"తడి తగిలితే ముద్ద బిర్రబిగుస్తుంది,
అది కప్పులోకి, వేడి కొంచెం తగ్గాక."

పొత్రం ముందుకీ వెనక్కీ.
చెవి పక్కకి వంచి వింటోంది, నన్ను కాదు, రాతిని.

"ఏం వాసన?"

కర్రగేటు నోటిదాకా వచ్చింది. మింగేశాను.
జేబూ కాదు. పాలగిన్నె కూడా కాదు.

"ఇంకా తెలీటం లేదండీ."

"అయితే నూరు."